లక్ష్మీదేవికి రాని భాష

కరోల్ తుపాను వెళ్ళిపోయిన కొద్ది రోజులకే మా దీవిలో, పిటాన్ అనే మా ఊళ్ళో ముసలీ ముతకా అందరికీ ఇంగ్లీషు వచ్చేసింది. ఆ ఘనత మా ఆయనది. ఆయన పేరు ఆదినారాయణ, నా పేరు అమ్మాయమ్మ. పగలు బడిలో పిల్లలకి తెలుగు అక్షరాలు దిద్దించడం, శనివారం సాయంత్రాలు భజన నడిపించడం ఆయన పనులు. ఈ రెండూ కాక ఇంగ్లీషు పిచ్చి ఒకటి. చిన్నప్పుడు పరీక్ష కోసం బట్టీపట్టిన ఇంగ్లీషు నుడికారాలన్నీ పెళ్ళయ్యాక కూడా ఆయన నోట్లోనే ఉండిపోయాయి. వాన పడితే ఒకటి, కూరలో కారం ఎక్కువైతే ఒకటి బయటికొచ్చేది. నాకు ఒళ్ళు మండేది. తిట్టుకోడానికి ఈ దీవి భాష క్రియోల్ ఉంది, దణ్ణం పెట్టుకోడానికి తెలుగు ఉంది, మధ్యలో ఈ దొరల భాష నా వంటింట్లోకి ఎందుకూ అనేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నా నోటికి ఆయన అలవాటు పడ్డాడు, ఆయన ఇంగ్లీషుకి నేను అలవాటు పడలేదు.

అది పందొమ్మిది వందల అరవై. మా నెత్తిన ఇంకా ఇంగ్లీషు రాణిగారి జెండాయే ఉంది. ఆ ఒక్క వేసవిలో రెండు తుపాన్లు వచ్చాయి. మొదటిది ఆలిక్స్. అది కుదిపి వదిలేసిన ఇళ్ళని వెనకాలే కరోల్ వచ్చి ఊడ్చిపారేసింది. గడ్డి కప్పులు, పేడతో అలికిన గోడలు, ఎంతసేపు నిలుస్తాయి? నిలువెత్తు చెరుకంతా నేలకొరిగింది. మా ఇంటికి రాతి గోడలు కనక రేకులు ఎగిరిపోయినా ఇల్లు మిగిలింది. మా ఆయన పినతండ్రి కూతురు పాపమ్మ ఇల్లు మాత్రం ఆనవాలు లేకుండా పోయింది. దూలం విరిగి ఆమె మొగుడు చిన్నయ్య తొడ మీద పడింది. గాలి తగ్గగానే మగవాళ్ళు అతన్ని తలుపు చెక్క మీద పడుకోబెట్టి, దారికి అడ్డం పడ్డ చెట్లు నరుక్కుంటూ ఆసుపత్రికి మోసుకెళ్ళారు. వాళ్ళిద్దరూ కొత్తగా కాపురం పెట్టినవాళ్ళు. పాపమ్మకి ఇరవై దాటాయో లేదో.

ఇళ్ళు పోయిన వాళ్ళందరినీ బళ్ళో పెట్టారు. బల్లలు గోడలకి జరిపి, చాపలు పరుచుకుని, ఒక్కో కుటుంబం ఒక్కో మూల సర్దుకుంది. మా ఇంటికి రమ్మని పాపమ్మని ఎంత బతిమాలినా రాలేదు.

"మనోళ్ళంతా ఇక్కడే ఉన్నారు కదా వదినా, నాకేం?" అంది.

సంగతి నాకు తెలుసు. బళ్ళో ఉంటే తుపానుకి తలదాచుకున్నట్టు. చుట్టాల ఇంట్లో ఉంటే తన ఇల్లు పోయిందని ఒప్పుకున్నట్టు.

ఒకరోజు గ్రామ కౌన్సిల్ గుమాస్తా మార్సెల్ సైకిలు మీద కబురు తెచ్చాడు. మార్సెల్ మా తెలుగువాడు కాదు, క్రియోల్ మనిషి, మంచివాడు, మా భజన ప్రసాదానికి ఎప్పుడూ ముందుండేవాడు. ప్రభుత్వం సిమెంటు దిమ్మెలతో ఇళ్ళు కట్టిస్తుందట. మొదటి విడతలో మా ఊరికి కొన్నే. దొర ఒకాయన వచ్చి బళ్ళోనే కూర్చుని, ఒక్కో ఇంటి వాళ్ళనీ పిలిచి అడుగుతాడు. అసలేమీ మిగలని వాళ్ళెవరో తేల్చుకుని వాళ్ళకి ముందు ఇస్తాడు. మిగతా వాళ్ళు గడ్డీ గాదమూ ఏరుకుని మళ్ళీ పాతరకం ఇళ్ళే వేసుకోవాలి. ఈ లోపల బడి కూడా ఖాళీ చెయ్యాలి, పిల్లలకి పాఠాలు మొదలవుతాయి.

పాపమ్మకి ఇది ఎంత అవసరమో ఊరందరికీ తెలుసు. కట్టుతో ఇంటికొచ్చే మనిషిని తడినేల మీద పడుకోబెడితే ఎముక అతకదని డాక్టరు చెప్పాడు. గోడలూ కప్పూ ఉన్న చోటు ఆమెకి కావాలి, అదీ చిన్నయ్య వచ్చే లోపలే కావాలి.

దొర అడిగితే వీళ్ళేం చెబుతారో ముందుగా చూద్దామని మార్సెల్ తనే అడగడం మొదలుపెట్టాడు. ముందు వెంకయ్య దొరికాడు. వెంకయ్య చెరుకు కొట్టడంలో మొనగాడు, మాటల్లో మాత్రం పొదుపరి.

"టోంటోం, నీ లకాజ్ ఎలా ఉంది?" బాబాయ్, ఇల్లెలా ఉందని అడిగాడు.

"లేస్తుంది, లేస్తుంది," అన్నాడు వెంకయ్య, ఇల్లు నిద్రపోతున్నట్టు.

"బియ్యం?"

"వస్తాయి."

మార్సెల్ పాపమ్మ వైపు తిరిగాడు. ఆమె చీర చెంగు నిండుగా కప్పుకుని, "తూ కోరెక్, మార్సెల్. అంతా బానే ఉంది," అంది.

మార్సెల్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "అయ్యో బోంజే, దేవుడా! ఇలా చెబితే దొర ఇళ్ళన్నీ తీసుకెళ్ళి పక్క ఊరు గుడ్‌ల్యాండ్స్‌లో కట్టిస్తాడు. మీకేమీ వద్దనుకుంటాడు!"

మార్సెల్‌కి తెలియని సంగతి ఒకటుంది. మా వాళ్ళ ఇళ్ళల్లో కొన్ని మాటలు అనకూడదు. బియ్యం అయిపోతే అయిపోయాయనకూడదు, నిండుకున్నాయనాలి. దీపం ఆరితే కొండెక్కిందనాలి. బయటికెళ్ళేవాడు వెళ్తాననకూడదు, వెళ్ళొస్తాననాలి. మా ముత్తాతలు ఈ దీవికి చెరుకు కూలీలుగా కోరంగి రేవులో ఓడెక్కినప్పుడు ఏమేం వదిలేసి వచ్చారో గానీ దీన్ని మాత్రం మూటగట్టుకుని తెచ్చారు. భాష సగం మర్చిపోయాం, ఈ భయం మాత్రం పోలేదు. ఇంటి గురించి 'లేదు' అంటే లక్ష్మి విని, సరే లేకుండానే ఉండండి అని లేచిపోతుందట. క్రియోల్‌లో అన్నా అంతేనట. మనతో పాటు ఇన్నేళ్ళుగా వింటోంది కదా, ఆవిడకీ క్రియోల్ వచ్చేసి ఉంటుందని మా ఊరి పెద్దావిడ రంగమ్మత్త నమ్మకం.

నేను రోజ్ హిల్‌లో పుట్టి పెరిగిన పట్నందాన్ని. మా నాన్న ఆఫీసులో పనిచేసేవాడు. మా ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయనే అనేవాళ్ళం, ఇంకో బస్తా వచ్చేది. కాపురానికి వచ్చాక ఈ మాటలకి మా అత్తగారి చేత ఎన్ని మొట్టికాయలు తిన్నానో లెక్కలేదు. కాబట్టి వెంకయ్య మాటలకి నాకు చిరాకే వేసింది. పాపమ్మని చూస్తే మాత్రం చిరాకు పడలేకపోయాను. మొగుడు జ్వరంతో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. తన నోటి నుంచి ఆ మాట ఒక్కసారి వస్తే అది ఇంటి దగ్గర ఆగదని, ఆ మంచం దాకా వెళ్తుందని ఆమె భయం.

ఆ సాయంత్రం మా ఆయన ముఖం వెలిగిపోతూ బళ్ళోకి వచ్చాడు.

"దొరకి దొర భాషలోనే చెబుదాం. కష్టాలు చెప్పుకోడానికి ఇంగ్లీషులో ఉన్నన్ని మాటలు ఇంకెక్కడా లేవు. అన్నీ తయారుగా ఉన్నాయి. మనం అనడమే తరువాయి."

"మరి ఆ తల్లి వింటేనో?" అంది రంగమ్మత్త.

"లక్ష్మీదేవికి ఇంగ్లీషు ఎక్కణ్ణించి వస్తుందత్తా? ఆవిడేమన్నా పరీక్షకి కట్టిందా?"

తుపాను తర్వాత ఆ గదిలో నవ్వు వినపడటం అదే మొదలు. పాపమ్మ మాత్రం నవ్వలేదు. లేచి మా ఆయన దగ్గరికొచ్చి నిలబడింది.

"నిజంగా అన్నయ్యా? ఇంగ్లీషులో అంటే ఇంటికేం తగలదు కదా? ఆయనకేం తగలదు కదా?"

"తగలదమ్మా. నేను చెబుతున్నాను కదా."

భజన నడిపించేవాడు చెప్పాడంటే మా ఊళ్ళో దానికి తిరుగులేదు. అందరూ చాపల మీద చేరారు. మా ఆయన తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. ఆయనకి నేర్పడం అంటే ఒకటే పద్ధతి. తను ముందు అనడం, వాళ్ళు వెనక అనడం. బళ్ళో అక్షరాలైనా అంతే, గుళ్ళో కీర్తనైనా అంతే.

"వుయ్ లివ్ ఫ్రమ్ హ్యాండ్ టు మౌత్!" తాళం. అందరూ అన్నారు. చేతిలో పడ్డది నోట్లోకే సరి, రేపటికి మిగిలేది సున్నా అని అర్థం చెప్పాడు. "వుయ్ కెనాట్ మేక్ బోత్ ఎండ్స్ మీట్!" చాలీచాలని పంచె నడుముకి చుట్టుకుంటే రెండు కొసలూ కలవవు కదా, అలాంటిదన్నాడు. వెంకయ్య తన పంచె చూసుకుని తల ఊపాడు. వానరోజు కోసం దాచుకోవడం గురించి ఒకటుంది. దాని మీద మాత్రం పెద్ద తగువైపోయింది.

"వానరోజుకి దాచేదేంటి నాయనా? దాచినదంతా వాన రోజే కదా కొట్టుకుపోయింది!" అంది రంగమ్మత్త.

అన్నిటికన్నా అందరికీ నచ్చింది తోడేలు. ది వుల్ఫ్ ఈజ్ ఎట్ ది డోర్. ఈ దీవిలో తోడేలు పుట్టింది లేదు, ఎవరూ చూసిందీ లేదు.

"అదెట్టా ఉంటదన్నయ్యా?" అడిగింది పాపమ్మ.

"కుక్కలాగే ఉంటుంది, కానీ కుక్క కాదు. ఆకలితో వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంటుంది. ఇంట్లోకి ఎప్పుడు దూరుదామా అని చూస్తుంటుంది."

"మరి మా ఇంటికి గుమ్మం..." అంటూ ఆగిపోయింది పాపమ్మ. నాలుక కరుచుకుంది. కాసేపు వెతుక్కుని, "మా గుమ్మం వెళ్ళొస్తానని వెళ్ళింది," అంది.

గది గదంతా పడి పడి నవ్వింది. ఈసారి పాపమ్మ కూడా నవ్వింది. తోడేలు నాకంటే నాకని వెంకయ్యా ఇంకో ఇద్దరూ పోటీ పడ్డారు. ఎవరి తోడేలు వాళ్ళదే, అందరూ అనండని మా ఆయన తీర్పు చెప్పాడు. దేవుడి పేరు ఎంతమంది కలిసి అంటే అంత బలం. కష్టానికీ అదే లెక్క అనుకున్నాడు మహానుభావుడు. నాకూ అప్పుడు తప్పు తోచలేదు.

రెండు రోజులు బడి అంతా అదే భజన. నీళ్ళ కోసం కుళాయి దగ్గర నిలబడ్డా అదే, బట్టలుతుకుతున్నా అదే. పాపమ్మకి ఒక్కసారి వింటే చాలు, వచ్చేసేది.

దొర వచ్చే ముందు రోజు పాపమ్మతో కలిసి నేను ఆసుపత్రికి వెళ్ళాను. బస్సులో ఆమె కిటికీ వైపు కూర్చుని, పడిపోయిన చెరుకు తోటల్ని చూస్తూ వచ్చింది. చిన్నయ్య సగమైపోయాడు. కాలికి కట్టు, ఒళ్ళంతా వేడి, కళ్ళు మాత్రం మమ్మల్ని చూసి మెరిశాయి.

"ఇల్లెట్టా ఉంది?" అని అడిగాడు ముందుగా.

"బంగారంలా ఉంది మావా," అంది పాపమ్మ. "మొన్నే గోడలన్నీ అలికాను. ముగ్గు కూడా పెట్టాను."

"మేకలు?"

"రెండూ తింటన్నాయి, తిరుగుతన్నాయి. నువ్వు జబ్బు తగ్గించుకుని రా."

అతను నా వైపు చూశాడు. నేను తల ఊపాను. అబద్ధానికి తల ఊపడం నాకు అలవాటు లేని పని, మెడ నొప్పెట్టినట్టయింది. అతను నిశ్చింతగా కళ్ళు మూసుకున్నాడు.

బయటికొచ్చాక పాపమ్మ వరండా మెట్ల మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని మెల్లగా మొదలుపెట్టింది. హ్యాండ్ టు మౌత్. బోత్ ఎండ్స్ మీట్. ఫ్రమ్ బ్యాడ్ టు వర్స్. ఒకటి అయ్యాక ఒకటి, జపం చేస్తున్నట్టు. అన్నీ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి. పక్కన కూర్చున్న ఒక మదామ్ వింతగా చూసింది. నేను కళ్ళెర్రజేస్తే తల తిప్పుకుంది.

"ఇట్టా అంటే కొంచెం తేలిగ్గా ఉంటంది వదినా," అంది పాపమ్మ చివరికి. "లోపలుంది బయటికొచ్చేస్తది. దేనికీ అంటుకోదు."

ఇన్నేళ్ళూ నేను వెక్కిరించిన మాటలవి. ఆ మెట్ల మీద ఆమె పక్కనే కూర్చుని మొదటిసారి వాటిని శ్రద్ధగా విన్నాను. మా ఆయన మీద గౌరవం కూడా కలిగింది. ఆయనకి చెప్పలేదు లెండి.

మర్నాడు దొర వచ్చాడు. పొడుగ్గా, ఎండకి కందిపోయిన మనిషి, పొట్టి లాగూ, మోకాళ్ళ దాకా తెల్ల మేజోళ్ళు. అప్పటికే ఎన్నో ఊళ్ళు తిరిగి అలిసిపోయినట్టున్నాడు, అయినా అందరికీ మర్యాదగా తల వంచాడు. పాపిష్టివాడని నేననను. ఇళ్ళ స్థలాలు కూడా ముందే చూసొచ్చాడట. గాలి అన్నిటినీ కలగలిపి కుప్ప పోసింది కనక ఏది ఎవరి ఇల్లో, ఏది ఎవరి పశువుల కొట్టమో తేల్చుకోలేకపోయాడట. బల్ల వేసుకుని కూర్చున్నాడు. పక్కన మా మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి మార్సెల్. వెనక గోడకి ఆనుకుని మా ఊరు. తలుపు దగ్గర ఉతికిన పంచెతో మా ఆయన, పెళ్ళికొడుకు తండ్రిలాగా.

ముందు వెంకయ్యని పిలిచారు. వెంకయ్య ఛాతీ విరిచి, "సార్, ది వుల్ఫ్ ఈజ్ ఎట్ ది డోర్," అన్నాడు. దొర కనుబొమలు పైకెత్తి నవ్వాడు. మంచి ఇంగ్లీషు అని మెచ్చుకున్నాడు కూడా. మా ఆయన నా వైపు గర్వంగా చూశాడు. తర్వాత వచ్చినవాడికీ తోడేలే. ఆ తర్వాత వాడికీ తోడేలే, దానికి తోడు రెండు కొసలు కలవకపోవడం. దొర నవ్వడం మానేశాడు. రంగమ్మత్త వణుకుతూ వచ్చి బోసినోటితో తోడేలు అనేసరికి కలం కింద పెట్టాడు. ఏదో అన్నాడు. మార్సెల్ మొహం మాడిపోయింది.

"ఈ దీవిలో అసలు ఎన్ని తోడేళ్ళున్నాయని అడుగుతున్నాడు," అన్నాడు మార్సెల్ మాతో. "ఎవరో కూర్చోబెట్టి వల్లె వేయించినట్టుంది, నేర్పిన కష్టానికి ఇల్లివ్వలేను అంటున్నాడు. ఎవరిది ఏం పోయిందో వాళ్ళే చెప్పాలట. ఏ భాషలో అయినా సరే, మామూలు మాటల్లో."

మా ఆయన తలుపు దగ్గర ఇంతైపోయాడు. వెంకయ్యని మళ్ళీ పిలిచి ఏం పోయిందని అడిగితే పాపం, "కాస్త గాలికి కదిలింది," అన్నాడు. దొర నిట్టూర్చాడు. తనని మోసం చెయ్యడానికి ఊరంతా కూడబలుక్కుందని అతనికి ఖాయమైపోయింది. ఒక్కొక్కరినీ పిలవడం, రెండు మాటలు అడగడం, పంపేయడం మొదలైంది. నిజానికి అందరూ నిజమే చెప్పారు. ఒకే తుపాను అందరి ఇళ్ళూ ఎత్తుకుపోతే కష్టం వేరు వేరుగా ఎలా ఉంటుంది?

పాపమ్మ వంతు వచ్చింది. ఆమె అప్పటికే పాలిపోయి ఉంది. అయినా నేర్చుకున్నవన్నీ వరసగా, తప్పు లేకుండా, గడగడా అప్పజెప్పింది. ఆమెకి తెలిసిన దారి అదొక్కటే. దొర చెయ్యెత్తి ఆపాడు. ఇల్లుందా లేదా అని మాత్రం చెప్పమన్నాడు. మార్సెల్ క్రియోల్‌లో అడిగాడు, ఆమెకి అర్థమయ్యేలా మెల్లగా అడిగాడు. ఒక్క మాట అను చెల్లీ అన్నట్టు చూశాడు.

పాపమ్మ పెదాలు కదిలాయి. మెడలో తాళిని గుప్పిట్లో పట్టుకుంది.

"తూ కోరెక్," అంది. "అంతా బానే ఉంది."

దొర భుజాలెగరేశాడు. మార్సెల్‌తో తర్వాతి వాళ్ళని పిలవమన్నాడు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. ఆయన ఇంగ్లీషుని దొర ఇక నమ్మడు. ఆయనా ఆ గడ్డ మీద పుట్టినవాడే, మా భాషల్లో ఆయన నోట కూడా ఆ మాట రాదు.

నేను లేచి బల్ల దగ్గరకి నడిచాను.

"పేనా, మిస్యే!" అన్నాను క్రియోల్లో, లేదు దొరా అని. "లకాజ్ పేనా! నానియే పేనా!" దొరకి అర్థమైందో లేదో గానీ నేను ఆగలేదు, తెలుగులోకి దిగిపోయాను. "ఇల్లు లేదు. కప్పు లేదు, గోడ లేదు, వండుకోడానికి కుండ లేదు. రెండు మేకలుండేవి, అవీ లేవు. మొగుడు ఆసుపత్రిలో పడున్నాడు, వస్తే పడుకోబెట్టడానికి పొడినేల జానెడు లేదు. మార్సెల్, చెప్పు ఆయనకి. ఈ పిల్లకి ఏమీ లేదని చెప్పు!"

మాట పూర్తి కాకుండానే పాపమ్మ వచ్చి నా నోరు మూసింది. ఆ చెయ్యి మంచులా ఉంది. దాన్ని లాగేసి మళ్ళీ అన్నాను. వెనక ఎవరో ఆడవాళ్ళు రామ రామ అంటూ చెవులు మూసుకున్నారు.

"ఆయన మంచం మీదున్నాడు వదినా!" అని అరిచింది పాపమ్మ. "నీకు నేనేం చేశాను? నా ఇంటి మీద ఆ మాట ఎందుకన్నావు?"

ఏడుస్తూ బయటికి పరిగెత్తింది. దొర ఆమె వెళ్ళిన వైపు చాలాసేపు చూశాడు. మార్సెల్ చెప్పినది విన్నాడు. తర్వాత కలం తీసుకుని ఆమె పేరు రాశాడు. మిగతా వాళ్ళని కూడా మళ్ళీ పిలవమన్నాడు. ఈసారి ఒకరి గురించి ఇంకొకరిని అడిగాడు. ఇంకొకరి ఇంటి గురించి అనడం కూడా వాళ్ళకి సులువేం కాలేదు. అయినా నేనెలాగూ ఆ పాపం మొదలుపెట్టాను కనక తలో మాటా అన్నారు. పని జరిగింది.

ఇంటికొచ్చాక మా ఆయన, "అనాల్సిన మాటేనా అది, అమ్మాయమ్మా?" అన్నాడు మెల్లగా.

"మీ తోడేలు ఇల్లిప్పించిందా?" అన్నాను. ఆ రోజు నుంచి చాలా కాలం మా ఇంట్లో ఇంగ్లీషు వినపడలేదు. అది కూడా నాకు బాధగానే ఉండేదంటే ఎవరు నమ్ముతారు?

ఆ వారంలోనే చిన్నయ్యకి జ్వరం పెరిగింది. ఒళ్ళు తెలియని స్థితికి వచ్చిందని కబురొచ్చింది. ఊళ్ళో ఎవరూ నన్నేమీ అనలేదు. నన్ను చూసి మాట ఆపేసేవారు, అంతే. కుళాయి దగ్గరికి నేను వెళ్తే పక్కకి జరిగి దారిచ్చేవారు. నేను రోజ్ హిల్ దాన్ని, ఇలాంటివి నమ్మను. నమ్మనని పగలంతా నాకు నేనే చెప్పుకున్నాను. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. నేనన్నది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పటికీ అనుకోను. అయినా ఆ పిల్లాడు బతకాలని ఎవరి బిడ్డ కోసమూ మొక్కనంతగా మొక్కాను. అనకూడని మాట అన్నది నా నోరు, తగిలితే నాకు తగలనీ, ఆ ఇంటి జోలికి పోవద్దని దేవుడి పటం ముందు నిలబడి గట్టిగానే చెప్పాను. మా ఆయన గుమ్మంలోంచి విని చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయాడు.

చిన్నయ్య బతికాడు. జ్వరం దిగింది, ఎముక అతికింది, కాలు కాస్త పొట్టిదైంది. చలికాలం నడుమ, చెరుకు కోతలు మొదలైన రోజుల్లో చేతికర్ర పట్టుకుని బస్సు దిగాడు. ఇళ్ళు కూడా అప్పటికి దాదాపు అయ్యాయి. వరసగా దిమ్మె గోడలూ, సిమెంటు కప్పూ. పాపమ్మది చివరి ఇల్లు.

ఈ లోపల ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. గుళ్ళో ఎదురుపడితే కళ్ళు దించుకుని వెళ్ళిపోయేది. మొగుడు బతికాడు, ఇల్లొచ్చింది, ఇంకా ఈ అలకేంటని నాకు కోపం. ఆ కోపం కింద ఏముందో నాకు తెలుసు. అత్తవారి ఊళ్ళో నా నోటిని చూసి భయపడకుండా నా పక్కన కూర్చున్న మనిషి ఆమె ఒక్కతే.

గృహప్రవేశానికి పిలవడానికి చిన్నయ్య ఒక్కడే వచ్చాడు.

"అక్కయ్యా, నాకు మార్సెల్ అంతా చెప్పాడు," అన్నాడు. "నేను నిలబడే ఉన్నాను కదా. ఇంకేం కావాలి? నువ్వు రావాలి."

"పాపమ్మ రాలేదేం?"

అతను కర్ర వైపు చూసుకున్నాడు. "చెప్పాను. ఏమీ అనదు."

"ఇంటి ఆడది పిలవని ఇంటికి నేను రాను, నాయనా. మీ బావ వస్తారులే, పాటలు పాడటానికి."

ఆ రోజు మా ఆయన తెల్లవారుతూనే తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. నేను ఇంట్లో ఉండిపోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. ఆ వైపు నుంచి పాటలు వినపడుతున్నాయి. పాలు పొంగినట్టున్నాయి, ఆడవాళ్ళు గోవిందా అన్నారు. పోనీ, నాకేం అనుకున్నాను. కళ్ళు తుడుచుకుని చూస్తే గుమ్మంలో పాపమ్మ నిలబడి ఉంది.

కొత్త చీర, నుదుట పెద్ద బొట్టు. చేతులు ఖాళీగా ఉన్నాయి. పరిగెత్తుకుంటూ వచ్చినట్టుంది, ఊపిరి అందడం లేదు. నేను రమ్మనలేదు. తనూ లోపలికి రాలేదు.

"వదినా," అంది. "మా ఇంట్లో ఉప్పు లేదు."

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. ఆమె ద్వారబంధాన్ని గట్టిగా పట్టుకుంది, పడిపోకుండా ఉండటానికన్నట్టు.

"పప్పు పొయ్యి మీదుంది, ఉప్పు లేదు. నూనె చాలినంత లేదు. వచ్చినోళ్ళకి వడ్డించే చెయ్యి లేదు." నా కళ్ళలోకి చూసింది. "ఇంటినిండా జనం ఉన్నారు. మా వదిన లేదు."

పాలు పొంగిన పొద్దున, అప్పుడే అడుగుపెట్టిన కొత్త ఇంటి గురించి, ఆ పిల్ల నా కోసం ఆ మాట అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఉప్పు జాడీ ఎక్కడుందో కళ్ళకి ఆనక, అరల్లో చేత్తో తడుముకున్నాను.